ఆరో వారం ఫోన్లు

గురువారం మధ్యాహ్నాలు ఆపరేషన్లుండవు.
కుతాయిసి ఊళ్లో, మా పశువుల ఆసుపత్రిలో
కడిగిన నేల వాసనా, నేనూ, ఒక ఫోనూ.
కత్తి పట్టేది డాక్టర్ జుంబెర్.
కోసిన ఆరు వారాలకి
ఏమైందని అడిగేది నేను.

కాగితం మీద నాలుగు గళ్ళు:
పూర్తిగా కోలుకుంది. కొంత కోలుకుంది.
కోలుకోలేదు. లేదు.
చివరి రెండిటికీ తేడా ఒక్క మాటే.
టిక్కు పెట్టే ముందు
ప్రతిసారీ రెండుసార్లు చదువుతాను.

ముర్మాన్ వ్యాను తోలుతాడు, స్టేషన్ నుంచి
వేడినీటి బుగ్గల ఊరి దాకా.
వాళ్ళ బసారాకి వెనక మోకాల్లో లిగమెంటు తెగింది.
ఎముక కోసి, కాస్త తిప్పి, ప్లేటు పెట్టి,
ఆరు మరలు బిగించాం.
"కుంటుతోందా?"
"పొద్దున లేచాక పది అడుగులు.
ఆ పదీ నేనూ కుంటుతాను.
పదకొండోది ఇద్దరం బాగానే వేస్తాం."
కొంత, అని రాశాను.
ఇద్దరిలో ఎవరి గురించి రాశానో.

త్సియాలా పిల్లి పేరు పీసో. అంటే పిల్లే.
పేరు పెడితే మమకారం పుట్టుకొస్తుందని
పిల్లిని పిల్లీ అనే పిలిచిన మనిషి,
అది పిచ్చుక వెంట నాలుగో అంతస్తు దాటిన రాత్రి
చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది.
తుంటి గిన్నెలోంచి ఎముక తల తీసేశాం.
పిల్లి తేలిక ప్రాణి,
ఎముక లేనిచోట కండే కీలు అల్లుకుంటుంది.
"గంతులేస్తోందా అమ్మా?"
"పొయ్యి ఎక్కుతోంది, బీరువా ఎక్కుతోంది,
నిన్న మా అత్తగారి ఫోటో కింద పడేసింది.
ఆ కిటికీ ఒక్కటే ఎక్కదు."
"ఎక్కలేకనా, ఎక్కకూడదనా?"
"అది నన్నడుగుతావేం?"
కాసేపాగి తనే అంది:
"నేనూ ఆ కిటికీ తెరవడం లేదులే."

ఓతియా తాతకి చెవుడు. గట్టిగా అరవాలి.
మురా అనే నల్లకుక్క, పదమూడేళ్ళది.
ప్లీహం మీద గడ్డ చితికి పొట్టంతా నెత్తురు.
తీసేశాం. లేచింది. తోక కూడా ఊపింది.
"రాసుకో పిల్లా, బాగైంది," అన్నాడు.
"ఎలా ఉంది తాతా ఇప్పుడు?"
"పోయింది. ముప్పై ఎనిమిదో రోజున.
ద్రాక్ష పందిరి కింద పడుకోబెట్టాను."
"మరి బాగైందంటావేం?"
"ముప్పై ఎనిమిది రోజులూ నా చేతి రొట్టె తింది.
అంతకుముందు వారం నీళ్ళే ముట్టలేదు.
మీ లెక్కలో దాన్నేమంటారు?"

లేదు, దగ్గర టిక్కు పెట్టాను.
పక్కన పెన్సిల్‌తో: ముప్పై ఎనిమిది రోజులు. రొట్టె.
పరిశోధనకొచ్చిన నాతియా దాన్ని చెరిపేస్తుంది.
కంప్యూటర్ ఈ మాటలు తీసుకోదక్కా, అంటుంది.
తప్పు తనది కాదు.
రేపు ఇంకెవరో దుప్పట్లో కుక్కను చుట్టి తెచ్చి
వందలో ఎన్ని లేస్తాయి, అని అడుగుతారు,
చేతులు వణుకుతూ.
అప్పుడు రొట్టె గురించి చెప్పి ఏం లాభం?
నాకూ ఆ అంకే కావాలి.
నోటి చివర ఉండాలి.

ఆఖరి నంబరు మూడు వారాలుగా ఎత్తడం లేదు.
లారీ కింద పడిన కుక్క, ముందు కాలు భుజం దాకా తీసేశాం.
వాళ్ళకి మనసు రాక ఎత్తడం లేదనే అనుకున్నాను.
ఈసారి ఒక పిల్లాడు ఎత్తాడు. పేరు లెక్సో.
అమ్మ రొట్టెల బట్టీకి వెళ్ళిందట.
అలవాటుగా, కాగితం చూసి చదివేశాను:
"ఏ కాలు కుంటుతోంది?"
"లేనిదే," అన్నాడు.
నా ప్రశ్నకి నేనే నాలుక కరుచుకున్నాను.
"నడిస్తేనే కుంటు. పరిగెడితే కనపడదు.
ఉండు, పిలుస్తాను, నువ్వే చూద్దువుగాని."

ఫోనులో ఎలా చూస్తావురా అనేలోగా
రిసీవర్ బల్ల మీద పెట్టిన చప్పుడు.
తలుపు. కోళ్ళు. ఎక్కడో దూరంగా
ఒక పేరు, సాగదీసి, మళ్ళీ, ఇంకాస్త దూరంగా.
తర్వాత వాడూ రాలేదు, అదీ రాలేదు.
ఆటలో పడ్డారేమో.

నాలుగైంది. బిల్లు పెరుగుతుంది,
జుంబెర్ గొణుగుతాడు.
నేను ఫోను పెట్టలేదు.
కోళ్ళు వింటూ కూచున్నాను,
కలం మూత పెట్టేసి.